పాత గేమింగ్ కంప్యూటర్‌తో సికింద్రాబాద్: రెండు దుకాణాలు, ఒక లాడ్జి, ముప్పై వేల రూపాయలు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అంటే అందరూ సీటీసీ అని పిలిచే కంప్యూటర్ల బజారుకు, పాత గ్రాఫిక్స్ కార్డు (ఆటల దృశ్యాలను తెర మీదకు తెచ్చే భాగం) కొనడానికి వెళ్లేవారికి నేను ముందుగా చెప్పదలచింది ఒక్కటే. ఆ కార్డును మీ కంప్యూటర్‌లోనే బిగించి, కనీసం ఇరవై నిమిషాలు నడిపి చూపించని దుకాణంలో జేబులో చెయ్యి పెట్టకండి. మా డబ్బు ఎలా పోయిందో, ఎక్కడ సద్వినియోగమైందో కింద రాస్తున్నాను. ధరలన్నీ 2025 ఆగస్టు నాటివి.

కంప్యూటర్ మా మేనల్లుడిది. రైజెన్ 5 1400 ప్రాసెసర్, బీ350 మదర్‌బోర్డు, ఒకే ఒక్క 8 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు, క్యాబినెట్‌తో పాటు వచ్చిన లోకల్ పవర్ సప్లై, అంటే లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె. కొత్త ఆటలు సరిగా ఆడటం లేదన్నది వాడి గోల. ఆ ఏడాది అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగుస్తుందని, మొదటి తరం రైజెన్లు విండోస్ 11 జాబితాలో లేవని కూడా వాడే తేల్చి చెప్పాడు. మా అక్క ముప్పై వేలు లెక్కపెట్టి నా చేతికిచ్చి, దారి ఖర్చులు కూడా అందులోనే అని స్పష్టం చేసింది. హనుమకొండ నుంచి ఉప్పల్ వరకు బస్సు, అక్కడి నుంచి మెట్రోలో రైలు మారే పని లేకుండా ప్యారడైజ్ స్టేషన్. ప్రయాణం గురించి ఇంతకు మించి చెప్పవలసింది లేదు. పదకొండు దాటితే గానీ షట్టర్లన్నీ లేవవు కనుక ఉదయమే పరుగెత్తవలసిన పని కూడా లేదు.

మొదటి దుకాణంలో రంగురంగుల లైట్లు, ఏసీ, కూర్చోమని కుర్చీలు ఉన్నాయి. మావాడు ఆ లైట్లకే సగం లొంగిపోయాడు. వాడి మనసు ఆర్‌ఎక్స్ 6600 అనే కార్డు మీద ఉన్నా, యజమాని "అన్నా, మీరు పరేషాన్ కావద్దు, ఆర్‌ఎక్స్ 580 ఎనిమిది జీబీ ఇస్తా, సగం ధరలో పని అయిపోతది" అని 7,500 రూపాయలకు ఒక కార్డు చేతిలో పెట్టాడు. నడిపి చూపమంటే బెంచీ మీద వేరే పని నడుస్తోందని, రేపటిలోగా ఏ తేడా కనిపించినా వాపసు తీసుకుంటానని మాట ఇచ్చాడు. మా పవర్ సప్లైలో ఆ కార్డుకు కావలసిన ఎనిమిది పిన్నుల తీగ లేదంటే, మోలెక్స్ అనే పాత రకం నాలుగు పిన్నుల తీగ నుంచి మార్చే అడాప్టర్ ఒకటి ఉచితమని అట్టపెట్టెలో పడేశాడు. మిగతా సామాన్లు మరునాడు చూద్దామని బయటపడ్డాం.

రాత్రికి రైల్వే స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో 1,500 రూపాయలకు గది తీసుకున్నాం. ఆ సొమ్ముకు దక్కినవి తడి వాసన వేసే దుప్పట్లు, మంచం వెనక దాక్కున్న ఒకే ఒక ప్లగ్ పాయింటు, గోడకు ఒక టీవీ. అయితే ఆ టీవీకి హెచ్‌డీఎంఐ ఉండటం మా పాలిట వరమైంది. మంచం మీద క్యాబినెట్ తెరిచి, కార్డు బిగించి, టీవీనే మానిటర్‌గా పెట్టుకున్నాం. డ్రైవర్లు ఎక్కిన తరువాత మావాడు కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ అనే ప్రోగ్రాం తెరిచి, షేడర్లు (కార్డులో లెక్కలు చేసే చిన్న యూనిట్లు) అన్న గడి మీద వేలు పెట్టి ఊరుకున్నాడు. అక్కడ 2048 అని ఉంది. 2017లో వచ్చిన అసలైన ఆర్‌ఎక్స్ 580కి ఆ గడిలో 2304 ఉండాలి. 2048 ఉన్నది ఆ తరువాతి ఏడాది చైనా మార్కెట్ కోసం అదే పేరుతో విడుదలైన రకం. పనితీరులో అది ఒక మెట్టు కిందిదైన ఆర్‌ఎక్స్ 570తో సమానం. కార్డు చెడిపోయినది కాదు, పేరు చూపి ఎక్కువ ధరకు అంటగట్టినది. మావాడు ఆ రాత్రి భోజనం చేయనన్నాడు. అదే సమయానికి లాడ్జి మేనేజర్ తలుపు తట్టి, గదిలో కంప్యూటర్ నడుపుతున్నారు కనుక కరెంటుకు 300 రూపాయలు అదనమన్నాడు. రసీదు అడిగితే, "మూడు వందలకు రసీదేంది సార్" అని నవ్వాడు. ఇచ్చుకున్నాం.

మరునాడు ఉదయం స్టేషన్ ఎదుట ఆల్ఫా హోటల్‌లో చాయ్, ఉస్మానియా బిస్కట్లు పడ్డాక గానీ మావాడి నోట మాట రాలేదు. మొదటి దుకాణం యజమానికి నిన్నటి అన్నను నేడు సార్‌నయ్యాను. "580 అనే కదా సార్ అమ్మింది, డబ్బా మీద చూడండి" అని గంటసేపు వాదించి, చివరికి వెయ్యి కోసుకుని 6,500 తిరిగిచ్చాడు.

పై అంతస్తులో, రెండు బెంచీలు తప్ప అలంకారమేమీ లేని ఒక ఇరుకు దుకాణంలో అరవై దాటిన మెకానిక్ ఒకాయన కనిపించారు. ఆర్‌ఎక్స్ 6600 ఉందా అని మావాడు అడిగితే, "ముందు నీ పవర్ సప్లై చూపెట్టు బేటా" అన్నారు. దాన్ని ఊడదీసి, అరచేతిలో బరువు చూసి, కళ్లజోడు పైకి జరిపి లేబుల్ చదివారు. పైన పెద్ద అక్షరాల్లో 450 వాట్లని ఉంది. కింద చీమంత అక్షరాల్లో 12 వోల్టుల దగ్గర 15 ఆంపియర్లని ఉంది. "పన్నెండు పదిహేనులు ఎంత?" అని అడిగారు. నూట ఎనభై. కార్డుకు 132, ప్రాసెసర్‌కు 65, అక్కడికే లెక్క దాటిపోయింది. ఇక ఆ మోలెక్స్ అడాప్టర్ చూడగానే ఆయనకు నిజంగానే కోపం వచ్చింది. "ఇది పెట్టి గేమ్ ఆడితే వైరు కరుగుతది" అని దాన్ని చెత్తబుట్టలో వేశారు.

80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని ఇచ్చే గుర్తింపు) ఉన్న 550 వాట్ల పవర్ సప్లై 3,900 రూపాయలు. ప్రాసెసర్ విషయంలో నేను రైజెన్ 5 5600 అన్నాను, ఆయన 5500 చాలన్నారు. 5600లో క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) రెట్టింపు, కార్డుతో మాట్లాడే దారి పీసీఐఈ నాలుగో తరం కూడా ఉన్న మాట నిజమే. కాని మా బీ350 మూడో తరం దగ్గరే ఆగిపోతుంది, మానిటర్ సెకనుకు 75 ఫ్రేములు మాత్రమే చూపే 75 హెర్ట్జ్‌ది, ధరలో తేడా మూడు వేలు. కూలర్‌తో సహా 7,200కు 5500 తీసుకున్నాం. పాత ప్రాసెసర్ ఉండగానే మదర్‌బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్ అయిన బయోస్‌ను అప్‌డేట్ చేయాలి, లేకపోతే కొత్తదాన్ని ఈ బోర్డు గుర్తుపట్టదు. క్యాబినెట్ మొత్తం మోసుకెళ్లినందుకు ఫలితం ఇక్కడ దక్కింది. బయోస్‌కు, బిగింపుకు కలిపి 400 తీసుకున్నారు. విండోస్ 11లో వాలరెంట్ అనే ఆట ఆడాలంటే టీపీఎం, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు ఆన్‌లో ఉండాలని ఆయనే గుర్తుచేసి ఆ పనీ ముగించారు. జతగా మరో 8 జీబీ ర్యామ్ 2,000.

వాడిన ఆర్‌ఎక్స్ 6600కు 13,800 చెప్పారు. బేరమాడితే ఒక్క రూపాయి తగ్గలేదు. ఆ మొండితనం నాకు నచ్చింది, ఎందుకంటే మేము అడగకముందే కార్డును మా కంప్యూటర్‌లో బిగించి, దాన్ని గట్టిగా శ్రమపెట్టి పరీక్షించే ఫర్‌మార్క్ అనే ప్రోగ్రాం పెట్టి, "ఇరవై నిమిషాలు కూర్చోండి" అన్నారు. వేడి 72 డిగ్రీల దగ్గర నిలిచింది, ఫ్యాన్లలో వింత శబ్దం లేదు. బిల్లు మీద కార్డు సీరియల్ నంబరు, దాని కింద నెల రోజుల గ్యారంటీ తన చేతితో రాసి సంతకం పెట్టారు. మా పాత 1050 టీఐని 2,500కు ఆయనే తీసుకున్నారు.

సామాన్లకు, పనికి 27,300. మొదటి దుకాణానికి సమర్పించుకున్నది వెయ్యి, లాడ్జికి 1,800, ప్రయాణానికి, తిండికి 1,450. పాత కార్డు సొమ్ము తీసేస్తే 29,050. మళ్లీ వెళ్తే పొద్దున్న తొలి బస్సులో వెళ్లి రాత్రికి తిరిగి వస్తాను గానీ ఆ లాడ్జి గడప తొక్కను. ఆదివారం చాలా దుకాణాలు తెరవరు, ఆ రోజు పెట్టుకోకండి.

ఇంట్లో సైబర్‌పంక్ 2077 ఆట, లో సెట్టింగుల్లోనూ సెకనుకు 30 ఫ్రేములకు అటూ ఇటూ ఈడ్చుకుంటూ నడిచేది, ఇప్పుడు హై సెట్టింగుల్లో 60 దాటుతోంది. మిగిలిన 950 రూపాయలు అక్క లెక్కచూసి తీసేసుకుంది. మావాడు అప్పుడే 144 హెర్ట్జ్ మానిటర్ ఊసెత్తాడు. దసరా దాటేదాకా ఆ పేరు ఎత్తవద్దన్నాను.