ఫోన్‌లోనూ వినపడే బేస్: శాన్స్‌యాంప్ బేస్ డ్రైవర్ డీఐ వీ2

రాజమండ్రిలో క్రైస్తవ గీతాలకు బేస్ గిటార్ వాయిస్తాను. ఇప్పుడు చాలా పాటలకు ఇంట్లోనే రికార్డ్ చేసి ట్రాక్ పంపేస్తున్నాను. ఆ పాటలు వినేవాళ్లలో ఎక్కువమంది ఫోన్‌లోనే వింటారు. బేస్‌లో లావు తీగను ఖాళీగా మీటితే వచ్చే 'ఈ' (E) స్వరం సుమారు 41 హెర్ట్జ్. ఫోన్ స్పీకర్ అంత కిందికి దిగలేదు. అయినా బేస్ వినపడాలి. టెక్ 21 కంపెనీ వాళ్ల ఈ పెడల్ (గిటార్ సౌండ్‌ను మార్చే చిన్న పెట్టె) నాకు ఇంతగా నచ్చింది అందుకే.

ఇది ట్యూబ్ యాంప్ (పాతకాలపు వాల్వ్ యాంప్లిఫయర్) తరహా సౌండ్ ఇచ్చే అనలాగ్ పెడల్. డ్రైవ్ (సౌండ్‌కి గరగర కలిపే నాబ్) కొంచెం పెంచగానే అదే స్వరం తాలూకు పై హార్మోనిక్స్ (దాని రెట్లు), అంటే 82, 124, 165 హెర్ట్జ్, ఇంకా ఆ పైవి బలపడతాయి. ఫోన్‌లో పలికేవి వీటిలో బాగా పైనున్నవే. అయినా వాటిని బట్టి మన చెవి కింది స్వరాన్ని పోల్చేసుకుంటుంది.

దీంట్లో అసలు పనిమంతుడు బ్లెండ్ నాబ్. పూర్తిగా తగ్గిస్తే యాంప్ సౌండ్ పోతుంది, డ్రైవ్, ప్రెజెన్స్ నాబ్‌లు తిప్పినా తేడా ఉండదు. పూర్తిగా పెంచితే అంతా యాంప్ సౌండే. నేను బ్లెండ్ సగం దగ్గర, డ్రైవ్ గడియారంలో పది గంటల ముల్లు ఉండే చోట పెడతాను. విడిగా వింటే కాస్త గరగర తెలుస్తుంది. పాటలో కలిశాక ఆ గరగర కనపడదు, స్వరం మాత్రం స్పష్టంగా నిలబడుతుంది.

మా పాటల్లో కీబోర్డ్ ప్యాడ్స్, ఎడమచేతి కార్డ్స్, ఢోలక్ ఎడమవైపు మోత అన్నీ కిందే చేరతాయి. అక్కడ బేస్ నాబ్ పెంచితే అంతా ముద్దయిపోతుంది. వీ2లో, అంటే ఈ రెండో వెర్షన్‌లో వచ్చిన మిడ్ నాబ్ (మధ్యస్థాయి సౌండ్‌ది) ఇక్కడ కాపాడుతుంది. పక్కన 500, 1000 హెర్ట్జ్‌లకు స్విచ్ ఉంది. నెమ్మది ఆరాధన పాటకు 500 పెట్టి కొద్దిగా పెంచితే స్వరానికి కండ వస్తుంది. హుషారు పాటకు 1000 పెడితే వేలు తీగను తాకే చప్పుడు ముందుకొస్తుంది. బేస్ నాబ్‌కి కూడా 40, 80 హెర్ట్జ్‌ల స్విచ్ ఉంది. నాలుగు తీగల గిటార్‌కి 80 చాలు. 40 పెట్టి నాబ్ పెంచితే మీటర్ ఎగురుతుంది కానీ చెవికి పెద్దగా ఏమీ రాదు.

ప్యారలల్ అవుట్‌పుట్‌లో ఏ ఎఫెక్టూ కలవని సిగ్నల్ వస్తుంది. దాన్ని ఇంటర్‌ఫేస్ (గిటార్‌ను కంప్యూటర్‌కి కలిపే పెట్టె) రెండో ఛానల్‌కి ఇచ్చి రెండు ట్రాకులూ ఒకేసారి తీసుకోండి. మిక్స్ చేసే బ్రదర్‌కి నా డ్రైవ్ నచ్చకపోతే క్లీన్ ట్రాక్ చేతిలో ఉంటుంది, మళ్లీ వాయించే పని లేదు.

ఇందులో కంప్రెసర్ లేదు. ఒక స్వరం గట్టిగా, ఒకటి మెల్లగా కొట్టే చేతిని ఇది సరిచేయదు. 1960లలో డెట్రాయిట్‌లోని మోటౌన్ స్టూడియోలో బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ గిటార్‌ను నేరుగా రికార్డింగ్ కన్సోల్‌కే ఇచ్చేవారు. పాత ఫ్లాట్‌వౌండ్ (నున్నటి) తీగలు, చూపుడు వేలు, అంతే. ఆ రికార్డింగులు వింటే సౌండ్‌లో సగానికి పైగా చేతిలోనే ఉందని అర్థమవుతుంది. అందుకే తీగలు, ట్యూనింగ్, వాయించే తీరు ముందు చూసుకోండి, పెడల్ తర్వాత.

కరెంటు సంగతి. 9 వోల్టుల బ్యాటరీతోనూ, అడాప్టర్‌తోనూ నడుస్తుంది. ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ వేసి ఇంటర్‌ఫేస్‌లో 48 వోల్టుల ఫాంటమ్ (కేబుల్‌లోంచే వచ్చే కరెంటు) ఆన్ చేస్తే ఆ రెండూ అక్కర్లేదు. చవక అడాప్టర్ల హమ్ బెడద తప్పుతుంది కాబట్టి ఇంట్లో నేను ఇలాగే వాడతాను.

రేటు తక్కువేం కాదు, ఆ డబ్బుతో నేర్చుకునేవాళ్లకు ఒక బేస్ గిటారే వస్తుంది. ఇంటర్‌ఫేస్‌లో ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్ ఉండి, కంప్యూటర్‌లో యాంప్ ప్లగిన్‌తో పని జరుగుతున్నవాళ్లు తొందరపడనక్కర్లేదు. ఆదివారం స్టేజీ మీద, మిగతా రోజులు ఇంట్లో రికార్డింగ్‌కి ఒకే పెడల్ కావాలనుకునేవాళ్లు మాత్రం ధైర్యంగా తీసుకోండి.