యాగంటికి వెళ్లేవాళ్లు జ్వాలాపురంలో ఎందుకు ఆగరో!

యాగంటికి పక్కనే ఉన్న జ్వాలాపురంలో ఎప్పటిదో అగ్నిపర్వతపు బూడిద పొర ఉందంటే చూసొచ్చాం. కానీ ముందు లాడ్జి సంగతి చెప్పేస్తే గానీ నాకు మిగతాది రాయబుద్ధి కాదు. బనగానపల్లె చుట్టుపక్కలే ఒక రాత్రి ఉండాల్సి వచ్చింది. ఫోన్‌లో అడిగితే ఏసీ రూము 1,400 రూపాయలు, వేడినీళ్లు, 24 గంటల చెకౌట్ అన్నారు. తీరా దిగాక ఏసీ రిమోట్ ఏదని అడిగితే, "రిమోట్‌కు 400 సార్" అన్నాడు కౌంటర్‌లో కుర్రాడు. రిమోట్ లేకుండా ఏసీ ఎలా పనిచేస్తుందయ్యా అన్నాను. "పనిచేయదు సార్, అందుకే తీసుకోండి అంటున్నా" అన్నాడు, ఎంతో మర్యాదగా. మా బావమరిది అదనపు మనిషి కాబట్టి 300. వేడినీళ్లు బకెట్ 60 చొప్పున రెండు బకెట్లు. పొద్దున తొమ్మిది కాకముందే తలుపు కొట్టి ఖాళీ చేస్తారా అని అడగడం మాత్రం ఫ్రీ.

అడ్వాన్సు కట్టిన 500లో దుప్పటి మీద మరక ఉందని 200 పట్టుకున్నారు. ఆ మరకను మా ఆవిడ రాత్రి రూములోకి అడుగుపెట్టగానే ఫోటో తీసింది. ఇలాంటివాటిలో ఆవిడ ముందుచూపే వేరు. ఫోటో చూపిస్తే కుర్రాడు దాన్ని పెద్దది చేసి, చిన్నది చేసి చూసి, "ఇది వేరే మరక మేడం" అన్నాడు. అన్నీ కలిపి 2,420 రూపాయలు. నంద్యాలలో ఇంతకంటే తక్కువకే శుభ్రమైన రూములు దొరుకుతాయి, గంట ప్రయాణం కూడా ఉండదు. నా మాట విని అక్కడే దిగండి.

కారు కూడా నంద్యాల నుంచే మాట్లాడుకున్నాం. డీజిల్‌తో కలిపి రోజుకు 3,200, డ్రైవర్ బత్తా 300. డ్రైవర్ మంచివాడు, పాటలు పెట్టమంటే పెట్టాడు, ఆపమంటే ఆపాడు.

యాగంటి గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. కోనేట్లో నీళ్లు చల్లగా ఉన్నాయి, నంది ఇంకా పెరుగుతూనే ఉన్నాడట, అగస్త్యుడి శాపం వల్ల కాకులు రావట. మాకైతే కాకి కనిపించలేదు. బెలుం గుహలు కూడా బాగానే జరిగాయి. 3,229 మీటర్ల పొడవున్న గుహ, లోపల ఉక్కపోత, పాతాళగంగ దగ్గర మా అమ్మాయి ఫోటోలు. అంతే.

అసలు కథ జ్వాలాపురంలో మొదలైంది.

మా అమ్మాయికి స్కూల్లో అగ్నిపర్వతాల పాఠం అయిందట. కారులో కూర్చున్నప్పటి నుంచీ అగ్నిపర్వతం ఎక్కడుంది, ఎప్పుడు చూపిస్తావని ఒకటే గోల. అగ్నిపర్వతం ఇక్కడ లేదమ్మా, మన దేశంలో ఇప్పుడు నిప్పు కక్కేది అండమాన్‌లో బారెన్ దీవి ఒక్కటే అని చెబితే, మరి ఎందుకు వెళ్తున్నాం అంది. లాడ్జి బిల్లు దెబ్బకు ముఖం ముడుచుకుని కూర్చున్న మా బావమరిది, "అదే నేనూ అడుగుతున్నా" అన్నాడు. అతని లెక్కలో యాగంటి, బెలుం అయిపోయాయంటే ట్రిప్పు అయిపోయినట్టే. డ్రైవర్ కూడా అతనికే వంత పాడాడు. "జ్వాలాపురమా సార్? ఆడ గుడేం లేదే!"

మేం వెళ్లిన దారిలో ఒక్క బోర్డు కనిపించలేదు. బనగానపల్లె మామిడికి ఉన్నన్ని బోర్డులలో పదోవంతు ఉన్నా చాలు. ఒక టీ కొట్టు దగ్గర ఆగి, బూడిద ఉన్న చోటు ఎక్కడని అడిగాం. కొట్టువాడు నవ్వి, మేకలు తోలుకొస్తున్న ఒక పెద్దాయన్ని చూపించాడు. ఆయన మేకలను మనవడికి అప్పగించి, మా కారు ముందు సీట్లో కూర్చున్నాడు. ఏమైనా ఇమ్మంటారా పెద్దాయనా అని నేను ముందే అడిగితే, "చూపిచ్చేదానికి దుడ్లేంది సార్" అన్నాడు. ఆ ముందురోజు రాత్రి రిమోట్‌కు నాలుగు వందలు కట్టినవాడికి ఆ మాట ఎలా వినిపించి ఉంటుందో మీరే ఊహించుకోండి.

మట్టి దారిలో కొంత దూరం వెళ్లి, దిగి నడిచాం. ఎర్రమట్టి, మధ్యలో నాపరాయి తునకలు, తుమ్మచెట్లు. ఒక తవ్విన గుంత పక్కన పెద్దాయన ఆగి గోడను చూపించాడు. కిందా పైనా మట్టి రంగు, మధ్యలో ముగ్గుపిండిలా తెల్లటి పొర. కొన్ని చోట్ల మనిషి ఎత్తు దాటి కూడా ఉంటుందట. మేం చూసినచోట మా అమ్మాయి భుజం దాకా ఉంది.

ఆ తెల్లటిది ఇండోనేషియాలోని సుమత్రా దీవి నుంచి వచ్చింది. సుమారు 74 వేల ఏళ్ల కిందట అక్కడ టోబా అనే అగ్నిపర్వతం పేలింది. గత ఇరవై లక్షల ఏళ్లలో భూమ్మీద అంత పెద్ద పేలుడు ఇంకొకటి లేదంటారు. దాదాపు 2,800 ఘన కిలోమీటర్ల రాయి, బూడిద బయటికి వచ్చాయి. పేలిన చోట నేల కుంగిపోయి ఇప్పుడు 100 కిలోమీటర్ల పొడవైన సరస్సు ఉంది. ఆ బూడిద బంగాళాఖాతం దాటి వచ్చి మన దేశమంతా పడింది. జ్వాలాపురం ఉన్న ఈ జుర్రేరు లోయలో ఆకాశం నుంచి నేరుగా పడింది కొద్ది సెంటీమీటర్లే. చుట్టూ ఉన్న గుట్టల మీద పడినదంతా వానలకు కొట్టుకొచ్చి లోయలో నీళ్లు నిలిచే చోట చేరింది కాబట్టి ఇక్కడ ఇంత మందం. కొన్నిచోట్ల రెండున్నర మీటర్ల దాకా కొలిచారు.

కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కోరిశెట్టర్, కేంబ్రిడ్జ్ నుంచి వచ్చిన మైకేల్ పెట్రాగ్లియా బృందం ఇక్కడ తవ్వి, 2007లో ఫలితాలు ప్రకటించారు. బూడిద పొర కింద రాతి పనిముట్లు దొరికాయి, పైన కూడా దొరికాయి. రెండూ దాదాపు ఒకే తరహా. అంటే బూడిద పడకముందు ఇక్కడ బతికినవాళ్లు, పడ్డాక కూడా అదే పని చేసుకుంటూ బతికారన్నమాట. టోబా పేలుడు వల్ల ఏళ్ల తరబడి చలి కమ్మి మనుషులు దాదాపు అంతరించారని అంతకుముందు ఒక వాదం గట్టిగా ఉండేది. దానికి ఈ గుంత అడ్డుపడింది. తర్వాత 2020లో మధ్యప్రదేశ్‌లోని సోన్ లోయలో ధాబా అనే చోటు నుంచి కూడా ఇలాంటి ఫలితమే వచ్చింది. ఇక్కడి పనిముట్లు చేసింది మనలాంటి మనుషులేనా (హోమో సేపియన్స్), వేరే పాత మానవ జాతివాళ్లా అన్నది మాత్రం ఇంకా తేలలేదు. పేలుడు తర్వాత అడవులు తగ్గి గడ్డి నేలలు పెరిగాయని సముద్రం అడుగున దొరికిన పుప్పొడి చెబుతోంది కాబట్టి, వాళ్లు సుఖంగా బతికారని మాత్రం అనుకోలేం.

ఇదంతా నేను పెద్దాయనకు చెప్పాను. ఆయన కాసేపు గోడ వైపు చూసి, "మనుషులు యాడికి పోతారు సార్? మా తాతల కాలం నుంచి ఎన్ని కరువులు చూడలేదు!" అన్నాడు. కర్నూలు జిల్లా రైతు నోట వచ్చిన మాట కాబట్టి దీన్ని వాదనగానే తీసుకోవాలి. (ఇప్పుడిది నంద్యాల జిల్లా. మాకింకా అలవాటు కాలేదు.)

సుమత్రా పేరు వినగానే మా బావమరిది మొదటిసారి ఫోన్ జేబులో పెట్టాడు. "2004లో కదిలింది కూడా అక్కడే కదా బావా?" అన్నాడు. అవును, అదే వరస. భూమి పైపొర పెద్ద పెద్ద పలకలుగా ఉంటుంది, వాటిలో భారత పలక సుమత్రా కిందికి దూరుతూ ఉంటుంది. లోపలికి దిగిన పలక వల్ల పైన అగ్నిపర్వతాలు పుడతాయి, రెండు పలకలు బిగుసుకున్న చోట విడిపోతే భూకంపం వస్తుంది. 2004 డిసెంబర్ 26, ఆదివారం పొద్దున అక్కడ 9.1 తీవ్రతతో కంపించింది. రెండు మూడు గంటల్లో మన కోస్తాకు సునామీ అలలు వచ్చేశాయి. అప్పుడు మావాడి ఉద్యోగం నెల్లూరులో. సముద్రం ఒడ్డు పల్లెల నుంచి తడి బట్టలతో వచ్చిన జనాన్ని స్కూళ్లలో ఉంచడం, అన్నం పొట్లాలు పంచడం చూశాడు. ప్రాణాలు దక్కినవాళ్లకు వలలు పోయాయి, పడవలు పోయాయి. కొత్త పడవ వచ్చాక కూడా కొన్నాళ్లు చేపలు కొనేవాళ్లు లేరట. శవాలు తిన్న చేపలని జనం భయపడ్డారు. ఇన్నేళ్లలో మాకెప్పుడూ చెప్పని సంగతులు ఆ గుంత పక్కన నిలబడి చెప్పాడు. మా ఆవిడ కూడా వాళ్ల తమ్ముడిని కొత్తగా చూసింది.

మా అమ్మాయి ప్రశ్న వేరు. ఆ బూడిద ఇప్పుడు పడితే ఏమవుతుంది? పొయ్యిలో బూడిద వేరు, ఇది వేరని చెప్పాను. ఇది నలిగిన గాజు, రాయి. నీళ్లలో కరగదు, ఊపిరితిత్తుల్లోకి పోతే కోస్తుంది, పైగా తడిస్తే బరువెక్కుతుంది. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటూబో పేలిన రోజే తుఫాను వాన కూడా పడి, తడిసిన బూడిద బరువుకు ఇళ్ల కప్పులు కూలి చాలామంది పోయారు. అది విన్నాక దారిలో కనిపించిన ప్రతి మిద్దెనూ "ఇది ఆగుతుందా నాన్నా" అని అడుగుతూనే ఉంది. మా ఆవిడ మాత్రం గాజు అనగానే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దూరంగా వెళ్లింది. మీరూ మాస్కు తీసుకెళ్లండి. గోడను గోకొద్దు, ఊదొద్దు.

ఇప్పుడు నా అసలు కోపం. పెద్దాయన చెప్పిన ప్రకారం ఇక్కడ తెల్లపొర ఇంకా చాలా ఉండేదట. "సబ్బుల పొడిలోకని లారీల్లో తోలినారు సార్. మాకేం తెల్సు, తెల్లమన్ను అనుకున్నాం." ఊరివాళ్లను నేను తప్పుపట్టను. కూలి దొరికింది, తవ్వారు. గిన్నెలు తోమడానికి గాజుపొడి పనికొస్తుందని ఎవరికో తెలిసింది, అది ఎంత అరుదైన పొరో చెప్పేవాళ్లు మాత్రం ఊళ్లోకి రాలేదు. ఒక రేకుల షెడ్డు, చుట్టూ కంచె, తెలుగులో పది లైన్ల బోర్డు. లక్ష రూపాయలైనా అవుతుందా? నాలుగు రోడ్ల కూడలిలో పెట్టే ఒక్క స్వాగత తోరణం ఖర్చు కూడా కాదు. బెలుం వెళ్లే బస్సులను అరగంట ఇటు తిప్పితే ఆ ఊళ్లో నలుగురు కుర్రాళ్లు గైడ్లుగా బతుకుతారు. వేలమంది యాగంటిలో కాకులు ఎందుకు లేవో తెలుసుకుని, పక్కనే ఉన్న దీన్ని చూడకుండా వెనక్కి పోతున్నారు.

పెద్దాయనకు డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. మనవడికి అరటిపళ్లు, బిస్కెట్లు కొనిచ్చాం, అవి తీసుకున్నాడు. ఆయన చెప్పిన చోటే మధ్యాహ్నం భోజనం చేశాం. హోటల్ అనడానికి లేదు, ఒక ఇంటి వసారా. ఇద్దరు ఆడవాళ్లు పొయ్యి మీద జొన్నరొట్టెలు కొడుతున్నారు. రెండు రొట్టెలు, వంకాయ కూర, పప్పు, ఎర్రకారం, మజ్జిగ కలిపి 70 రూపాయలు. బావమరిది ఆరు రొట్టెలు తిన్నాడు. అదనపు రొట్టెకు 15 చొప్పున లెక్క, నలుగురికి 340 అయింది. ఎర్రకారం మీద వేరుశెనగ నూనె వేయమని అడగండి, అడగకపోతే వేయరు. మా ఆవిడ కారం పొట్లం కట్టించుకుంటే దానికి డబ్బులు వద్దన్నారు.

పొద్దున్నే ముందు జ్వాలాపురం, ఆ తర్వాతే యాగంటి పెట్టుకోండి. మధ్యాహ్నం ఎండలో ఆ గుంతల దగ్గర నీడ లేదు. ఊళ్లో పెద్దవాళ్లనెవరినైనా వెంటబెట్టుకోండి, లేకపోతే ఏ గుంత ఏదో తెలియదు. వానలు పడేటప్పుడు మాత్రం వద్దు. ఆ దారిలో బండి దిగబడితే లాగడానికి ట్రాక్టర్‌కు 800 అడుగుతారని మా డ్రైవర్ చెప్పాడు, ఎవరికో కట్టించాడట కూడా.