మూడు చలికాలాలు తొడిగిన ఫుల్ హ్యాండ్స్ టీషర్టు, విండ్‌చీటర్

ధనుర్మాసంలో తెల్లవారుజామున ఐదింటికి నాగావళి వంతెన దాటి వెనక్కి తిరిగి, అరసవల్లి దాకా పరిగెత్తడం నాకు మూడేళ్లుగా అలవాటు. శ్రీకాకుళంలో ఆ వేళకి 15 నుంచి 18 డిగ్రీలుంటుంది. గడ్డకట్టే చలేం కాదు. అయినా మొదట్లో గజగజ వణికాను. అది చెమట తెచ్చిన చలి.

అప్పట్లో కాటన్ బనియన్, పైన స్వెట్టర్, నెత్తిన మంకీ క్యాప్. రెండో కిలోమీటరుకే బనియన్ తడిసి వీపుకి అతుక్కునేది. కాటన్ చెమటని పీల్చి తనలోనే దాచుకుంటుంది, ఓ పట్టాన ఆరదు. ఆ తడితో వంతెన ఎక్కితే ఏటిగాలికి వీపు మీద తడి గోనె కప్పినట్టుండేది. పొందూరు ఖద్దరంటే మా ఇంట్లో అందరికీ ప్రాణం, కానీ పరుగుకి అది పనికిరాదు.

అందుకే పల్చటి పాలిస్టర్ ఫుల్ హ్యాండ్స్ టీషర్టు కొన్నాను. చెమట బట్ట పైకి వచ్చి పరుగులోనే ఆరుతుంది. మూడేళ్లయినా ఆ గుణం పోలేదు. వాసన మాత్రం ఓ పట్టాన వదలదు. ఒకసారి అమ్మ ఫాబ్రిక్ కండిషనర్‌లో ముంచింది. అది దారాల మీద పొరలా పట్టేసి, నాలుగైదు ఉతుకుల దాకా చెమట లాగనే లేదు. ఇప్పుడు ఇంటికి రాగానే విప్పి, చన్నీళ్లలో జాడించి నీడన ఆరేస్తున్నాను.

విండ్‌చీటర్ వంతెన మీద బంగారం. ఊళ్లోకి వచ్చాక మాత్రం లోపల ఆవిరి పట్టి మోచేతుల దగ్గర నీళ్లు కారతాయి, విప్పి నడుముకి కట్టుకోవాల్సిందే. దాని వీపు మీద మెరిసే పట్టీ రెండో ఏడాదికే పెచ్చులూడిపోయింది. పొగమంచులో వెనక వచ్చే ఆటోవాడికి కనబడేది ఆ పట్టీ ఒక్కటే. టైలర్ దగ్గర కొత్తది కుట్టించాను.

గుమ్మం దాటేటప్పుడు కాస్త చలి వేయాలి. అక్కడే వెచ్చగా ఉంటే పది నిమిషాల్లో ఉడికిపోతాం. పరుగు ఆపగానే వేసుకోవడానికి పొడి చొక్కా ఒకటి దగ్గరుండాలి. ఆగిన మరుక్షణమే చలి పట్టుకుంటుంది.

ఈ ఏడాది కూడా అదే రకం టీషర్టు కొంటాను, ఒక సైజు తక్కువలో. ఒంటికి అంటి ఉంటేనే అది చెమట లాగుతుంది.