ఓషన్ గ్రోవ్‌లో దిగాలా, ఆస్‌బరీ పార్క్‌లోనా?

న్యూజెర్సీ తీరంలో ఈ రెండు ఊళ్ళూ పక్కపక్కనే ఉంటాయి. మధ్యలో ఉన్నదల్లా వెస్లీ లేక్ అనే సన్నటి చెరువు. పుట్టుక కూడా ఒకే మతం నుంచే. ఓషన్ గ్రోవ్‌ను 1869లో మెథడిస్టు (ప్రొటెస్టెంట్ క్రైస్తవంలో ఒక శాఖ) పాస్టర్లు వేసవి ప్రార్థన సభల కోసం వేసుకున్నారు. రెండేళ్ళకు జేమ్స్ బ్రాడ్లీ అనే బ్రష్‌ల వ్యాపారి ఉత్తరాన 500 ఎకరాలు కొని, మెథడిస్టు బిషప్ ఫ్రాన్సిస్ ఆస్‌బరీ పేరు పెట్టి ఇంకో ఊరు కట్టాడు.

నడవడానికైతే నా ఓటు ఓషన్ గ్రోవ్‌కే. సముద్రం దగ్గరి వీధుల్లో ఇళ్ళు ఒకే వరసలో ఉండవు. నీళ్ళకు దగ్గరయ్యేకొద్దీ ఒక్కో ఇల్లూ రోడ్డు నుంచి ఇంకాస్త వెనక్కి జరుగుతుంది. వీధి గరాటులా విచ్చుకుంటుంది కాబట్టి వెనకింటి వరండాలో కూర్చున్నవాళ్ళకీ అలలు కనిపిస్తాయి, గాలి తగులుతుంది. వెనక్కి తిరిగితే 1894 నాటి పెద్ద ప్రార్థన మందిరం, గ్రేట్ ఆడిటోరియం. దాన్ని ఆనుకుని 114 గుడారాలు. ముందు కాన్వాసు, వెనక వంటకీ స్నానానికీ చిన్న చెక్క గది. ఎండాకాలమంతా కాపురం అందులోనే! మాడవీధులు చూసి పెరిగిన మనకి ఈ ప్లాన్ ఏమంత కొత్తగా ఉండదు.

ఇదంతా ఇన్నేళ్ళు నిలిచిందంటే కారణం భక్తి ఒక్కటే కాదు, లీజు కూడా. నేల ఆ ప్రార్థన సభలు నడిపే క్యాంప్ మీటింగ్ అసోసియేషన్‌ది, ఇల్లు మాత్రమే మనది. ఆస్‌బరీలో బ్రాడ్లీ స్థలాలు అమ్మేశాడు. మందు వద్దన్నవాడే, కానీ అమ్మేసిన నేల మీద మన మాట ఎన్నాళ్ళు చెల్లుతుంది? బార్లు వచ్చాయి, మ్యూజిక్ క్లబ్బులు వచ్చాయి.

అలాగని అసోసియేషన్ పెత్తనం తక్కువేం కాదు. ఒకప్పుడు శనివారం అర్ధరాత్రి గేట్లకు గొలుసులు పడేవి, ఆదివారమంతా వీధుల్లో కారు కనపడకూడదు. 1979లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ అధికారాన్ని కొట్టేసింది. 2023లో సముద్రంలోకి కట్టిన కొత్త పియర్ (నడక వంతెన) కూడా శిలువ ఆకారంలోనే ఉంది. ఆ విశ్వాసం లేనివాళ్ళకి ఎంత బాగున్నా చుట్టపుచూపుగా వచ్చినట్టే ఉంటుంది. ఆస్‌బరీ మొదట్నుంచీ అందరిదీ అనుకుంటే అదీ పొరపాటే. 1880లలో నల్లజాతివాళ్ళని బీచ్‌కు దూరం పెట్టింది బ్రాడ్లీయే.

అమ్మానాన్నలు వెంట ఉంటే ఓషన్ గ్రోవ్‌లోనే దిగండి. రాత్రి భోజనానికి వంతెన దాటి ఆస్‌బరీకి నడిచి వెళ్ళండి. కారు మాత్రం కదపకండి, వేసవి శనివారం పార్కింగ్ మళ్ళీ దొరకదు.