వైలిమ్ వాడాలా, కోఆర్డ్_కార్టీషియన్ వాడాలా?

ఆర్ భాషలో గ్రాఫులు గీసే ప్యాకేజీ జీజీప్లాట్2లో కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్స్ (అసలు సగటు ఉండగల హద్దుల అంచనా) గీసేవాళ్లు పదేపదే అడిగేది ఇదే: వై అక్షాన్ని 0-30కి కుదించడానికి వైలిమ్(0, 30) సరిపోదా? అక్షం ఈ రెండు ఫంక్షన్లతోనూ కుదురుతుంది. ఇంటర్వెల్ మాత్రం ఒకటే రాదు.

ఒక గ్రూపులో 12, 14, 15, 16, 17, 18, 20, 48 ఉన్నాయనుకుందాం. సగటు 20, 95 శాతం ఇంటర్వెల్ 10.3 నుంచి 29.7. సగటు, ఇంటర్వెల్ లెక్కగట్టే స్టాట్_సమ్మరీకి వైలిమ్(0, 30) తగిలిస్తే, హద్దు దాటిన 48 ముందే ఎన్ఏ (లేని విలువ) అయిపోతుంది. లెక్క ఆ తర్వాతే మొదలవుతుంది. మిగిలిన ఏడింటి సగటు 16, ఇంటర్వెల్ 13.6 నుంచి 18.4. అంటే అక్షం సర్దబోయి డేటాను కత్తిరించామన్నమాట! ఒక వరుస తీసేశామని హెచ్చరిక వస్తుంది గానీ, రిపోర్టుల్లో హెచ్చరికలు ఆపేసే అలవాటు చాలామందికి ఉంది. డేటా ధోరణిని చూపే జియోమ్_స్మూత్ గీతా, దాని చుట్టూ ఉండే పట్టీ కూడా ఇలాగే మారిపోతాయి. హద్దులు ముందే లెక్కగట్టి ఎర్రర్ బార్ (ఇంటర్వెల్‌ను చూపే గుర్తు) గీస్తే విలువ మారదు, కానీ పై కొస హద్దు దాటిన బార్‌కు నిలువు గీతే పడదు.

కోఆర్డ్_కార్టీషియన్(వైలిమ్ = సి(0, 30)) లెక్కంతా అయ్యాక చూపు మాత్రమే దగ్గరికి తెస్తుంది. కుదించాలంటే నా ఓటు దీనికే. దీనికీ ఒక లోపముంది: హద్దు దాటిన బార్ అంచు దగ్గర తెగిపోతుంది, చూసేవాళ్లకు అక్కడితో అయిపోయినట్టు అనిపించవచ్చు. అక్కడ బాణం గుర్తు పెట్టి, అసలు పై హద్దును అంకెల్లో రాయాలి. అక్షాలను తారుమారు చేసే కోఆర్డ్_ఫ్లిప్ కూడా వాడుతుంటే హద్దులు దాని లోపలే ఇవ్వాలి. ప్లాట్‌కు ఒక్క కోఆర్డే నిలుస్తుంది, తర్వాతది ముందుదాన్ని తుడిచేస్తుంది.

వైలిమ్ పనికిరాదని కాదు. రెండు ప్లాట్లకూ ఒకే 0-100 అక్షం కావాలి, డేటా, ఇంటర్వెల్స్ అన్నీ అందులోనే ఉన్నాయి అంటే నిశ్చింతగా వాడొచ్చు.

హద్దు దాటిన విలువను హద్దు దగ్గరికే తెచ్చే స్క్విష్ అనే మూడో దారిలో 48 కాస్తా 30 అవుతుంది, సగటు 17.75కి దిగుతుంది. రంగుల స్కేలుకు సరే, ఇంటర్వెల్స్‌కు వద్దు.

ఈ తికమకకు పేరే సగం కారణం. బేస్ ఆర్‌లో (ప్యాకేజీలేవీ కలపని ఆర్‌లో) ప్లాట్‌కు ఇచ్చే వైలిమ్, పైథాన్ గ్రాఫుల లైబ్రరీ మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో సెట్_వైలిమ్ చూపును మాత్రమే మారుస్తాయి. స్టాటా అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో వైస్కేల్(రేంజ్()) అక్షాన్ని పెంచగలదు గానీ డేటా కంటే తగ్గించలేదు.