విట్నీ మ్యూజియంలో ఆర్థర్ డవ్ పాస్టెల్: ప్రింట్ కొనకండి, వెళ్లి చూడండి

తెనాలి దగ్గర హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యాను. పిల్లల చేత ఆయిల్ పాస్టెల్స్ రుద్దించడమే తప్ప, పొడి పాస్టెల్‌తో ఒక పెద్ద చిత్రకారుడు వేసిన బొమ్మ ముందు నిలబడే అవకాశం నాకు న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలోనే దొరికింది. అది అమెరికన్ చిత్రకారుడు ఆర్థర్ డవ్ 1912 ప్రాంతంలో వేసిన 'ప్లాంట్ ఫార్మ్స్', అంటే మొక్కల ఆకారాలు. న్యూజెర్సీలో ఉన్న మనవాళ్లు ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని అక్కడికి తప్పకుండా తీసుకెళ్లాలి.

బొమ్మ పెద్దదేం కాదు. వెడల్పు రెండడుగులు, ఎత్తు అడుగున్నర కూడా ఉండదు. ఆకుపచ్చలు, గోధుమ రంగులు, మీగడ తెలుపు. కోలగా, గుండ్రంగా ఉన్న ఆకారాలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉంటాయి. మొక్కలని తెలుస్తూనే ఉంటుంది, ఏ మొక్కలంటే మాత్రం చెప్పలేం. "మావయ్యగారూ, కొబ్బరి మట్టలా ఇవి?" అంది మా కోడలు. పేరు సంగతి వదిలేసి అంచులు చూడమ్మా అన్నాను.

ఈ బొమ్మలో పనితనమంతా అంచుల్లోనే ఉంది. ఆకారం అంచు దగ్గర రంగు చిక్కగా ముదురుగా మొదలై, అక్కణ్ణుంచి మెల్లగా పలచబడుతుంది. గీత గీసి విడదీయాల్సిన అవసరమే ఆయనకు రాలేదు. ఆ ఒక్క ఉపాయంతో, కదలని ఆకారాలు ఇటు తిరుగుతున్నట్టు, అటు ఒంగుతున్నట్టు అనిపిస్తాయి. పాస్టెల్ మామూలుగా కాగితం మీద వేస్తారు. డవ్ దీన్ని కాన్వాస్ మీద వేశారు. పాస్టెల్ అంటే రంగు పొడి, దాన్ని కడ్డీగా నిలబెట్టడానికి చాలినంత జిగురు, అంతే. నూనె లేదు కాబట్టి మెరుపు ఉండదు. సంక్రాంతి ముగ్గులో వేలితో అద్దిన రంగులా మెత్తగా, పొడిగా ఉంటుంది.

ఇదంతా ప్రింట్‌లో రాదు. వెళ్లేముందు మా అబ్బాయి ఒక ఆన్‌లైన్ షాపులో దీని ప్రింట్ తెప్పించాడు. తళతళలాడే కాగితం, పచ్చలన్నీ మట్టి రంగు, అంచులు కత్తిరించి అతికించినట్టు. డబ్బు దండగ.

డవ్ గురించి మన దగ్గర ఎవరూ మాట్లాడరు. అబ్‌స్ట్రాక్ట్, అంటే ఉన్నదున్నట్టు కాకుండా రంగులతో ఆకారాలతోనే చెప్పే బొమ్మ, అనగానే రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీ పేరే చెబుతాం. అమెరికన్లలో అందరికంటే ముందు అబ్‌స్ట్రాక్ట్ బొమ్మలు వేసిన కొద్దిమందిలో ఈయన ఒకరు. 1880లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. పత్రికలకు బొమ్మలేసి సంపాదించారు, ఫ్రాన్స్ వెళ్లొచ్చారు. 1912లో ఫోటోగ్రాఫర్ స్టీగ్లిట్జ్ న్యూయార్క్‌లోని తన '291' గ్యాలరీలో ఆయన పాస్టెల్స్‌ని ప్రదర్శనకు పెట్టారు. ఆ తర్వాత కూడా బొమ్మలతో ఇల్లు గడవక కనెక్టికట్‌లో కోళ్లు పెంచారు. కొన్నేళ్లు, తర్వాత ఆయన భార్య అయిన హెలెన్ టోర్‌తో పడవలోనే కాపురమున్నారు. ఆవిడా చిత్రకారిణే. డంకన్ ఫిలిప్స్ అనే కళాభిమాని నెలనెలా డబ్బు పంపి ఆదుకున్నారు కాబట్టి 1946లో పోయేదాకా వేస్తూనే ఉన్నారు. ఇంత చేసిన మనిషికి ఇంకా చాలా పేరు రావాలని నా గట్టి నమ్మకం.

వెళ్లేవాళ్లకు: న్యూజెర్సీలోని జర్నల్ స్క్వేర్ స్టేషన్ నుంచి న్యూయార్క్ వెళ్లే పాత్ (PATH) రైలెక్కి 14వ వీధిలో దిగితే, పడమటి వైపు నడిచి వెళ్లొచ్చు. పెద్దవాళ్లుంటే క్యాబ్ మేలు. శుక్రవారం సాయంత్రాలు టికెట్ డబ్బు తీసుకోకుండా రానిస్తున్నారు, స్లాట్ మాత్రం ముందే బుక్ చేసుకోండి. పాస్టెల్‌కి వెలుతురు పడదు, అందుకే ఇలాంటి బొమ్మల్ని ఏడాది పొడుగునా గోడ మీద ఉంచరు. 'ప్లాంట్ ఫార్మ్స్' ప్రదర్శనలో ఉందో లేదో మ్యూజియం వెబ్‌సైట్‌లో చూసుకుని బయల్దేరండి. ముందు దూరం నుంచి ఒకసారి చూసి, ఆ తర్వాత గార్డు అభ్యంతరం చెప్పనంత దగ్గరికి వెళ్లి, పక్క నుంచి చూడండి. కాన్వాస్ నేత మీద రంగు ఎలా నిలిచిందో అప్పుడే కనబడుతుంది.