ఫ్లోటింగ్ యూఐతో మూడేళ్లు: ఒక్క టూల్‌టిప్ వెనక ఇంత కథా!

మందుల ఏజెన్సీలు వాడే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మాది. స్క్రీన్ నిండా చిన్న చిన్న ఐకాన్లు, పక్కన పేర్లు రాసే చోటుండదు. ఐకాన్ మీద మౌస్ పెడితే దాని పని చెప్పే చిన్న డబ్బాలు, అంటే టూల్‌టిప్‌లే దిక్కు. మొదట్లో అన్నిటికీ హెచ్‌టీఎంఎల్ టైటిల్ యాట్రిబ్యూట్ (బ్రౌజరే తన పద్ధతిలో చూపించే టూల్‌టిప్) తగిలించి ఊరుకున్నాం. అది అమ్మా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. రంగు మార్చలేం, ఎంతసేపటికి రావాలో చెప్పలేం, ట్యాబ్లెట్‌లో అసలు కనబడదు. ఇక టీమ్‌లో ఎవరికి వాళ్లు సొంతంగా రాసుకోవడం మొదలుపెట్టారు. ఒకరోజు లెక్కపెడితే ఏడు రకాల టూల్‌టిప్‌లు తేలాయి. అప్పుడు అన్నీ తీసేసి, పాప్పర్ అనే పాత లైబ్రరీకి వారసురాలైన ఫ్లోటింగ్ యూఐ లైబ్రరీ మీద, అందరూ వాడుకునేలా ఒకే రియాక్ట్ కాంపోనెంట్ కట్టాను.

చోటు చూసుకోవడంలో దీనికి వంక పెట్టలేను. పైన జాగా లేకపోతే ఫ్లిప్ కిందకి తిప్పేస్తుంది. కుడి అంచు దాటి పోతుంటే షిఫ్ట్ లోపలికి జరుపుతుంది. ఆఫ్‌సెట్, అంటే ఐకాన్‌కీ టూల్‌టిప్‌కీ మధ్య ఎడం, 8 పిక్సెళ్లు పెట్టాం, ఇప్పటిదాకా మార్చలేదు. ఓవర్‌ఫ్లో హిడెన్ (హద్దు దాటినదాన్ని కనబడకుండా కోసేసే సెట్టింగ్) పెట్టిన టేబుల్ లోపల టూల్‌టిప్ సగానికి తెగిపోయే పాత రోగం కూడా, టూల్‌టిప్‌ని ఆ టేబుల్ బయట గీసే పోర్టల్‌తో పోయింది. టీమ్‌లో మిగతావాళ్లు ఇవేమీ చూడక్కర్లేదు, మాట రాసిస్తే చాలు.

అయితే ఇది రెడీమేడ్ టూల్‌టిప్ కాదు, సామాను మాత్రమే. వంట మనదే. హోవర్ (మౌస్ మీదికి రావడం), ఫోకస్ (కీబోర్డుతో చేరడం), డిస్మిస్ (మూసేయడం), రోల్ (ఇది టూల్‌టిప్ అని స్క్రీన్ రీడర్లకు చెప్పడం) అన్నీ వేరు వేరు హుక్‌లు, అంటే ఒక్కో పని చేసే కోడ్ ముక్కలు. మొదటి వెర్షన్‌లో ఫోకస్ హుక్ పెట్టడం మర్చిపోయాను. ట్యాబ్ కొట్టుకుంటూ వెళ్లేవాళ్లకు ఆరు నెలలు ఏమీ కనబడలేదు, మాకెవరూ చెప్పనూ లేదు. వెబ్ పేజీలు వైకల్యం ఉన్నవాళ్లకూ అందేలా ఎలా ఉండాలో చెప్పే డబ్ల్యూసీఏజీ 2.1 చదివాకే నాకు బుద్ధొచ్చింది. 2018లో వచ్చిన ఆ ప్రమాణంలో 1.4.13 అనే నియమం ఉంది. దాని ప్రకారం మౌస్ కదపకుండానే టూల్‌టిప్‌ని తీసేసే దారి ఉండాలి, మౌస్‌ని దాని మీదికే తీసుకెళ్లగలగాలి, చదువుతుండగా దానంతటది మాయం కాకూడదు. మొదటిదానికి డిస్మిస్ హుక్ ఎస్కేప్ కీని చూసుకుంటుంది, రెండోదానికి, మౌస్ ఐకాన్ నుంచి టూల్‌టిప్ మీదికి వెళ్లేలోపు అది మూసుకుపోకుండా చూసే సేఫ్‌పాలిగన్ ఉంది.

అన్నిటికంటే ఏడిపించింది డిజేబుల్ చేసిన బటన్. ‘సేవ్ ఎందుకు నొక్కుకోవట్లేదు?’ అని మనిషి తల పట్టుకునేది అక్కడే, టూల్‌టిప్ రానిదీ అక్కడే. డిజేబుల్డ్ బటన్‌ని ఫోకస్ చేయలేం, దాని మీద మౌస్ ఈవెంట్లనూ నమ్మలేం. బటన్‌ని స్పాన్ అనే మామూలు హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లో చుట్టి చూశాం, కీబోర్డుకి మళ్లీ అదే తిప్పలు. చివరికి బటన్‌కి aria-disabled (పనిచేయదని చెబుతుంది కానీ ఫోకస్‌ని ఆపదు) పెట్టి, క్లిక్‌ని మేమే ఆపేశాం.

తెలుగు పెట్టినప్పుడు ఇంకో గొడవ. ఇంగ్లీషు డిజైన్‌లోని 1.2 లైన్‌హైట్ (వాక్యపు వరుస ఎత్తు), ఓవర్‌ఫ్లో హిడెన్ అలాగే ఉండిపోయాయి. ‘రద్దు’లో వత్తు కింద కోసుకుపోయి ‘రదు’ అని కనబడింది. టెస్టింగ్‌లో ఎవరూ పట్టలేదు, మా అందరి కళ్లూ ఇంగ్లీషు మీదే! లైన్‌హైట్ 1.6కి పెంచి, గరిష్ఠ వెడల్పు 200 నుంచి 280 పిక్సెళ్లు చేశాం.

స్టాక్ పేజీలో 400 వరుసలు, వరుసకి ఐదు ఐకాన్లు. ప్రతిదానికీ విడి టూల్‌టిప్ పెడితే పేజీ తెరుచుకునేసరికి టీ తాగి రావచ్చు. అది లైబ్రరీ తప్పు కాదు, నా తెలివితక్కువ. ఇప్పుడు టేబుల్ మొత్తానికి టూల్‌టిప్ ఒక్కటే, మౌస్ ఏ ఐకాన్ మీదుంటే దానికి అతుక్కుంటుంది. టచ్‌కి మాత్రం సరైన మందు దొరకలేదు. ముఖ్యమైన చోట్ల చిన్న ‘?’ బటన్ పెట్టి, నొక్కితే తెరుచుకునేలా చేశాం.

ఏ లైబ్రరీ లేకుండానే తేలే డబ్బాని తెరిచే పాపోవర్, దాన్ని ఐకాన్‌కి అతికించే సీఎస్‌ఎస్ యాంకర్ పొజిషనింగ్ బ్రౌజర్లలోకే వచ్చాయి కదా అంటారు. రెండోది క్రోమ్‌లో 2024 మేలో 125వ వెర్షన్‌తో దిగింది. మా కస్టమర్ల కౌంటర్ల మీద అంతకన్నా పాత బ్రౌజర్లు ఇంకా నడుస్తున్నాయి, కాబట్టి ప్రస్తుతానికి మారట్లేదు.

పోయిన నెల ఒక కౌంటర్ దగ్గర కూర్చుని గంటసేపు చూశాను. బిల్లు కొడుతున్న కుర్రాడు మౌస్ కిందికి లాగిన ప్రతిసారీ టూల్‌టిప్ పై వరుసలోని రేటుని కప్పేస్తోంది. “అన్నా, ఈ నల్ల డబ్బా ఎందుకు మధ్యలో వస్తోంది, తీసేయరాదూ?” అన్నాడు. టేబుల్‌లో మాత్రం దాన్ని కుడి పక్కకి మార్చి, 600 మిల్లీసెకన్లు ఆగి వచ్చేలా పెట్టాను.